ఏడిపించువాడు, ఏడ్చువాడు, చూచువాడు

ఏ ఊరి బడిలోనో, ఏ పట్టణపు వసతి కళాశాలలోనో ఒక పిల్లవానిని తోటివారు వేధించి వేధించి చదువు మాన్పించిరని గాని, అంతకంటె ఘోరము జరిగినదని గాని వార్త వచ్చినప్పుడు లోకము రెండు మాటలు చెప్పును. ఏడిపించినవాడు దుర్మార్గుడు అనునది మొదటి మాట. ఏడిచినవాడు మరీ మెతక, నలుగురిలో నెగ్గుకొనివచ్చు నేర్పు లేనివాడు అనునది రెండవ మాట. మొదటిది ఒక ఇంటి తల్లిదండ్రులకు రుచింపదు. రెండవది వేరొక ఇంటి తల్లిదండ్రులకు రంపపుకోత. అయితే ఈ రెండు మాటలును బడికి, ఊరికి, ఇరుగుపొరుగులకు మిక్కిలి అనుకూలమైనవి. తప్పంతయు ఇద్దరు పిల్లల స్వభావములలోనే ఉన్నదని తేలిపోయినచో, అదే గదిలో కూర్చున్న తక్కిన నలువదిమందిని, వారికి పాఠము చెప్పినవారిని, ఆ బడిని నడపినవారిని అడుగవలసిన ప్రశ్న యేదియు మిగులదు.

ఆ నలువదిమందిని విడిచి ఈ విషయమును విచారించుట వృథా. కొందరు పిల్లలు పుట్టుకతోనే దుడుకువారు. ఆ మాట కాదనువారు పిల్లలను పెంచనివారై యుందురు. కాని దుడుకుతనము వేరు, ఒకే పిల్లవానిని ఎంచుకొని దినదినము కుళ్ళబొడుచుట వేరు. దుడుకువాడు నేడు ఒకనిని త్రోసి రేపు మరొకనిచేత త్రోయించుకొనును. సాయంకాలమునకు ఇద్దరును కలసి గోలీలాడుదురు. ఎంచుకొని ఏడిపించువానికి మాత్రము చోటు కావలెను, చూచువారు కావలెను, అడ్డు చెప్పువారుండరన్న ధైర్యము కావలెను. ఈ మూడింటిని వానికి సమకూర్చి యిచ్చునది వాని స్వభావము కాదు. చుట్టునున్న సంఘము.

ముందుగా మాటను గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఇంగ్లీషువారు 'బుల్లీయింగు' అను దానికి తెలుగున సరియైన పేరు లేదు. 'వేధింపు' అన్నచో పోలీసు ఠాణా, న్యాయస్థానము స్ఫురించును. 'ర్యాగింగు' కళాశాలకు చెందిన మాట. ఇండ్లలో, బడులలో పిల్లల నోట వినబడు మాట 'ఏడిపించుట'. ఇది చిత్రమైన క్రియ. మేనమామ మేనకోడలి జడ లాగి ఏడిపించును. బావ మరదలిని ఏడిపించును. ఆరుగురు పిల్లలు ఒక నత్తివానిని గోడకు చేర్చి, వాని పలుకును అనుకరించుచు ఏడిపింతురు. మూడింటికిని ఒకటే మాట.

వరుసైనవారి మేలమునకు ఒక ధర్మమున్నది. అన్న మాటకు తిరుగుమాట అను హక్కు మరదలికి కలదు. ఆ తిరుగుమాట పదునుగా తగిలినప్పుడు పందిటిలో కూర్చున్నవారందరు ఆమె పక్షమున నవ్వుదురు. హద్దు దాటినచో ఏ పెద్దమ్మయో 'ఇక చాల్లేరా' అని కసరును. బడి వెనుక గోడ దగ్గర ఈ ధర్మములలో ఒక్కటియు లేదు. అక్కడ తిరుగుమాటకు ఫలము దెబ్బ. నవ్వు ఎల్లప్పుడును ఒకవైపుననే. కసరు పెద్దమ్మ ఆ దాపుల నుండదు. అయినను క్రియ ఒకటే యగుటచేత, పిల్లవాడు ఇంటికి వచ్చి 'నన్ను ఏడిపిస్తున్నారు నాన్నా' అన్నప్పుడు తండ్రికి పందిటిలోని సరసమే గుర్తునకు వచ్చును. 'అంతేనా? నువ్వూ ఏడిపించు' అని మరల తన పనిలో పడును. ఆ పిల్లవాడు రెండవసారి చెప్పడు.

స్కాండినేవియా దేశములలో ఈ చిక్కును ఒక క్రొత్త మాటతో విడదీసిరి. 1969లో స్వీడనునందు హైనెమన్ అను వైద్యుడు, గుంపు కూడి ఒకనిపై పడుటను తెలుపుటకై ఇంగ్లీషులోని 'మాబ్' నుండి పుట్టిన మాటను బడిపిల్లల విషయమున వాడుకలోనికి తెచ్చెను. పిదప డాన్ ఓల్వేయస్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దానికి నిర్వచనమును బిగించెను: కావలెనని చేయుట, మాటిమాటికి చేయుట, ఎదుటివాడు తన్ను తాను కాచుకొనలేని స్థితిలో నుండుట. మరదలి తిరుగుమాటకును, నత్తివాని మౌనమునకును గల భేదము ఆ మూడవ లక్షణములోనే యున్నది.

ఇక సంఘము ఈ పనిని ఎట్లు చేయించును? దీనికి అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున జరిగిన ఒక పరిశోధన నేటికిని మంచి సాక్ష్యము. జర్మనీ విడిచివచ్చిన కర్ట్ లెవిన్ అను పండితుడు, లిప్పిట్, వైట్ అను ఇద్దరు సహచరులతో కలసి దాని ఫలితములను 1939లో ప్రకటించెను. పదేండ్ల పిల్లలను చిన్నచిన్న సంఘములుగా కూర్చి, నాటకములకు కావలసిన ముఖపు తొడుగులు చేయుట వంటి పనులు వారికిచ్చిరి. ఒక సంఘమునకు పెద్దగా నున్నవాడు అన్నియు తానే నిర్ణయించి, తరువాత ఏమి చేయవలెనో ముందుగా తెలియనీయక ఆజ్ఞలు జారీ చేయుచుండెను. మరొక సంఘపు పెద్ద పిల్లలతో చర్చించి, వారిచేతనే నిర్ణయము చేయించెను. పిల్లలు ఒకే వయసువారు, చేయు పని ఒకటే. మారినది పెద్దవాని తీరు మాత్రమే. మొదటి ప్రయోగమున ఆజ్ఞల క్రింద నున్న పిల్లలలో పరస్పర వైరము రెండవ సంఘములో కంటె 30 రెట్లు కనబడెను. అంతకంటె ఆలోచింపదగినది మరొకటి: ఆ కోపములో రవ్వంతయైనను ఆజ్ఞాపించు పెద్దవానివైపునకు పోలేదు. అదంతయు సంఘములోని ఒక పిల్లవానిపై పడెను; వాడు మానుకొనిపోగా మరియొకనిపై పడెను.

తరువాతి ప్రయోగములలో ఆజ్ఞల క్రింద నున్న సంఘములు కొన్ని మిక్కిలి నిశ్శబ్దముగా, జడముగా ఉండెను. చూచినవారికి అవి క్రమశిక్షణకు ఆదర్శములుగా తోచియుండును. కాని పెద్దవాడు గది విడిచిన వెంటనే, లేదా స్వేచ్ఛ గల వేరొక వాతావరణమునకు ఆ పిల్లలను మార్చిన వెంటనే, అణగియున్నది భగ్గుమనెను. తమ వసతిగృహమున చీమ చిటుక్కుమన్నను వినబడునని గర్వించు యాజమాన్యములు ఈ సంగతి తెలిసికొనుట మంచిది.

అయోవాను విడిచి తెలుగు బడికి వచ్చినచో, ఇక్కడ ఈ ప్రయోగము తరతరములుగా, ఎవరును లెక్క కట్టకుండ, జరుగుచునే యున్నది. వీధిబడులనాటి కోదండము పోయినది. తొడపాశమును, గోడకుర్చీయును చట్టము దృష్టిలో నేరములైనవి. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగము శారీరక దండనను, మానసిక వేధింపును రెండింటిని నిషేధించినది. కాని పంతులు కొట్టు దెబ్బకంటె సూక్ష్మమైన శిక్ష యొకటి తెలుగు బడులలో ఉండెడిది. నడివయసు దాటినవారిలో దానిని ఎరుగనివారు అరుదు. పంతులు ప్రశ్న అడుగును. నలుగురు చెప్పలేక నిలుచుందురు. ఐదవవాడు చెప్పును. అప్పుడు పంతులు కుర్చీ దిగకుండగనే, చెప్పినవానిచేత చెప్పలేనివారికి ముక్కు పట్టించి చెంపదెబ్బ కొట్టించును. మెల్లగా కొట్టినచో కొట్టినవానికే ఆ దెబ్బ తప్పదు. తన ప్రాణస్నేహితుని చెంప ఛెళ్ళుమనిపించిన పిల్లవాడు ఆ నాడు నేర్చినది ఎక్కమో, ఛందస్సో కాదు. తెలివికలవానికి తెలివి తక్కువవానిని కొట్టు అధికారమున్నదని, జాలి చూపినచో తానును దెబ్బ తినవలెనని, ఇది నలుగురి యెదుట జరిగినచో న్యాయమే యగునని నేర్చెను. దెబ్బ తిన్నవాడు పంతులుపై పగ పట్టలేదు. విరామమునకు గంట కొట్టిన పిమ్మట బక్కవాడెవడో వానికి దొరకెను.

ఆ ఆచారము చాలవరకు తగ్గినది. దాని ప్రాణము మాత్రము వేరు శరీరములలో చేరినది. పంతులు లేనప్పుడు మాటలాడినవారి పేర్లు నల్లబల్లపై వ్రాయు తరగతి నాయకుడు ఇప్పటికిని ఉన్నాడు. ఎవరి పేరు వ్రాయవలెను, ఎవరిది తుడిచివేయవలెను, దానికి ప్రతిఫలముగా ఎవని పెన్సిలు పుచ్చుకొనవలెను అను రాజ్యతంత్రమంతయు పన్నెండేండ్లకే వానికి కరతలామలకము. ఇంటరు చదువు చెప్పు పెద్ద వసతి కళాశాలలలో మార్కులను బట్టి పిల్లలను వేరు వేరు సెక్షన్లుగా విభజించుటయు, పరీక్ష ముగిసిన ప్రతిసారి కొందరిని క్రింది సెక్షనునకు దింపుటయు తెలుగువారందరు ఎరిగినదే. పడమటి దేశములలో బడిపిల్లలు ఒకరినొకరు పెట్టుకొను ముద్దుపేర్లవలె ఇచ్చట యాజమాన్యమే పిల్లలకు బిరుదులు పంచిపెట్టుచున్నది. క్రింది సెక్షనునకు దిగినవానిని మెస్సులో తోటివారు ఏమని పిలుతురో ఊహించుట కష్టము కాదు. ఆ పిలుపు వారు కల్పించినది కాదు. గోడకు అంటించిన జాబితాను వారు బిగ్గరగా చదువుచున్నారు, అంతే.

బడి గోడలకు వెలుపలనుండి వచ్చునది మరింత ప్రాచీనమైనది. అంబేద్కరు చదివిన బడిలో ఆయన ఒక గోనెగుడ్డపై వేరుగా కూర్చుండవలసి వచ్చెను; దాహమైనచో నౌకరు వచ్చి నీరు పోయవలెను, నౌకరు రానినాడు నీరు లేదు. గుఱ్ఱం జాషువ తన బాల్యమున బడిలో ఉపాధ్యాయులచేతను, తోటిపిల్లలచేతను కులము పేరిట హేళన పొందెను. ఆయన ఊరకుండక తిరుగబడెను కూడ. ఉపాధ్యాయులు, తోటిపిల్లలు అను ఆ రెండు మాటలు ప్రక్కప్రక్కన నుండుట గమనింపదగినది. పదేండ్ల బాలునికి కులతత్త్వము శాస్త్రముగా తెలియదు. ఎవరిని చాపపైకి రానీయరో, ఎవరి పేరును పంతులు వేరొక గొంతుతో పిలుచునో వానికి తెలియును. ఆ తెలివితోనే వాడు తన వేటను ఎంచుకొనును. నేడు గోనెగుడ్డ లేదు. ఇంటిపేరు అడిగి, ఊరిలో ఇల్లెక్కడ అని అడిగి, 'రిజర్వేషనువాడు' అని నవ్వుట ఉన్నది. నల్లని చర్మము, లావైన దేహము, ఊరి యాస, తడబడు ఇంగ్లీషు, ఆడపిల్లవలె నడచు నడక మొదలైనవి పిల్లలకు ఆయుధములని నేర్పినవారు పెద్దలే. ఇంట్లో భోజనముల వేళ పనిమనిషిని గూర్చి, ప్రక్కింటివారి కోడలి రంగును గూర్చి ఆడు మాటలను పిల్లలు వినుచునే యుందురు. తెలుగు చలనచిత్రములలో హాస్యమన్న పేరున నత్తివానిని, పొట్టివానిని, లావుపాటి స్త్రీని చూచి నవ్వించుట, చెంపదెబ్బకు చప్పట్లు కొట్టించుట దశాబ్దములుగా సాగుచున్నవి. కుటుంబమంతయు కూర్చుండి విరగబడి నవ్విన దృశ్యమును పిల్లవాడు మరునాడు తరగతిలో ప్రదర్శించినచో వానిని దుర్మార్గుడనుట ఎంత న్యాయము?

ఇట్లు అనుటచే వేధించువాడు నిర్దోషి అని కాదు. వానిని మందలింపవలెను; అవసరమైనచో శిక్షింపవలెను. కాని వాని నటనకు టిక్కెట్టు కొనినవారిని గూర్చి ఎవరును మాటలాడుట లేదు.

కెనడాలోని టొరాంటో నగరమున పరిశోధకులు బడుల ఆటస్థలములలో కెమెరాలు, మైకులు అమర్చి పిల్లల నడవడిని పరిశీలించిరి. 2001లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, వేధింపు జరిగిన సందర్భములలో 88 శాతమున తోటిపిల్లలు అక్కడనే యుండిరి. అడ్డుపడినది 19 శాతమున మాత్రమే. అయితే అట్లు అడ్డుపడినప్పుడు సగమునకు మించి, అనగా 57 శాతము సందర్భములలో, వేధింపు పది సెకనులలో ఆగిపోయెను. పది సెకనులు! ఒక పిల్లవాడు 'వదిలెయ్యరా' అనుటకు పట్టు కాలము.

జపానులో 'ఇజిమే' అను పేర ఈ జాడ్యము 1980లలో దేశమంతయు చర్చనీయమైనప్పుడు యోజి మొరీటా అను సమాజశాస్త్రజ్ఞుడు తరగతిని నాలుగు వలయములుగా చూపెను. నడుమ బాధితుడు, వాని చుట్టు వేధించువారు, వారి చుట్టు నవ్వుచు ఉసిగొల్పువారు, అందరికంటె వెలుపల చూడనట్లు ముఖము త్రిప్పుకొనువారు. తరగతిలో వేధింపు హెచ్చుటయు తగ్గుటయు ఈ వెలుపలి వలయమును బట్టి యుండునని ఆయన వాదము. జపాను బడిలో ఒకే గదిలో అదే పిల్లలు దినమంతయు, సంవత్సరమంతయు కలసి కూర్చుందురు; వేరు గుంపులోనికి పారిపోవుటకు చోటు లేదు. తెలుగునాటి వసతి కళాశాలకు ఈ పోలిక మరింత చక్కగా అతుకును. అక్కడ తరగతి, భోజనశాల, పడక, స్నానపుగది వంతు అన్నియు ఆ నలువదిమందితోనే. ముఖము త్రిప్పుకొనువాడు పిరికివాడని తేలికగా అనరాదు. నోరు విప్పినచో తరువాతి వంతు తనదని వానికి తెలియును. మెల్లగా కొట్టినందుకు తిరిగి దెబ్బ తిన్న పిల్లవాని తర్కమే ఇదియును.

చట్టములు లేకపోలేదు. ఆంధ్రప్రదేశమున ర్యాగింగు నిషేధ చట్టము 1997లోనే వచ్చినది. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము దేశమంతటికిని నియమములు చేసి, విద్యార్థిచేతను తల్లిదండ్రులచేతను ప్రమాణపత్రములు వ్రాయించుచున్నది. జపానులో 2013లో ప్రత్యేక చట్టము చేసిరి. వీటివలన మేలు కలుగలేదనుట సరికాదు. కళాశాల ద్వారము దగ్గర బాహాటముగా జరిగిన వికృతచేష్టలు చాలవరకు అణగినవి. కాని చట్టమునకు నేరస్థుడొకడు కావలెను, వానికొక పేరు కావలెను. ర్యాగింగును సమర్థించువారు చెప్పు వాదమును వినుడు: 'మేము పడ్డాము, మీరూ పడండి.' అత్తయు ఒకప్పుడు కోడలే యను సామెత ఇక్కడ అక్షరాల నిజము. నిరుడు ఏడ్చినవాడు ఈ సంవత్సరము ఏడిపించుచున్నాడు. వీనిలో ఎవరి పేరు నేరస్థుల పట్టికలో వ్రాయవలెను? ఒక్కొక్క సంవత్సరము ఒక్కొక్కని పట్టుకొన్నను, ఆ వంతులను నడపు ఆచారము మాత్రము బోనెక్కదు.

చరవాణి వచ్చి ఈ వలయములను ఇంకను పెంచినది. ఒకప్పుడు సాయంకాలపు గంటతో ముగిసిన బాధ ఇప్పుడు దిండు క్రింద కూడ వెలుగుచున్నది. వాట్సాప్ గుంపులో ఒకడు పెట్టిన బొమ్మ ఏబదిమందికి చేరినదని బాధితునికి లెక్కతో సహా తెలియును. పూర్వము చూడనట్లు నటించు వీలైనను ఉండెను.

మార్పు సాధ్యమా అను ప్రశ్నకు నార్వే కొంత సమాధానము చెప్పినది. 1982 చివర అక్కడ ఉత్తర ప్రాంతమున ముగ్గురు బాలురు, తోటివారి వేధింపునకు తాళలేక కాబోలు, ప్రాణములు తీసికొనిరి. మరుసటి సంవత్సరము ప్రభుత్వము దేశమంతట ఉద్యమము నడపెను. బెర్గెన్ నగరమున 42 బడులలో సుమారు 2,500 మంది పిల్లలను ఓల్వేయస్ రెండేండ్లపాటు పరిశీలింపగా వేధింపు దాదాపు సగమునకు తగ్గెను. అదే దేశములోని రోగలాండ్ ప్రాంతమున అంతటి ఫలితము కనబడలేదు. పుస్తకము, వీడియో పంపి ఊరకున్నచోట ఎక్కడనైనను జరుగునది అదే. బెర్గెనులో చేసిన పనులు గొప్పవి కావు. ఎంత వేధింపు జరుగుచున్నదో పేరు వ్రాయనక్కరలేని ప్రశ్నపత్రముతో పిల్లలనే అడిగిరి. తరగతిలో నియమములను పిల్లలతో చర్చించి నిర్ణయించిరి. విరామకాలమున పెద్దలు ఆటస్థలములో నిలిచిరి. తరువాత ఫిన్లండులోని తుర్కు విశ్వవిద్యాలయమున క్రిస్టినా సాల్మివల్లి బృందము 'కీవా' అను పద్ధతిని రూపొందించినప్పుడు, వేధించువానిని దిద్దుటకంటె చూచువారిని మేల్కొల్పుటకే ఎక్కువ చోటిచ్చిరి. 2009 నుండి అది ఆ దేశమున విస్తారముగా అమలులోనికి వచ్చెను.

అయోవాలో ఆజ్ఞలిచ్చిన పెద్దవానికిని, బెర్గెనులో ఆటస్థలమున నిలిచిన పెద్దవానికిని తేడా యున్నది. మొదటివాడు ఉన్నంతసేపు పిల్లలు మాటలాడరు. రెండవవాడు ఉన్నందున మాటలాడగలుగుదురు. తెలుగునాట మొదటివానికి కొరత లేదు. రెండవవాడు కావలెనన్నచో ముందు ఉపాధ్యాయుని స్థితి చూడవలెను. ఫలితములు తగ్గినవని పిల్లల యెదుటనే ప్రిన్సిపాలుచేత చీవాట్లు తిని, ఎప్పుడు పొమ్మందురో తెలియని ఉద్యోగముతో తరగతికి వచ్చు అధ్యాపకుడు తన కోపమును ఎక్కడ దించుకొనును? ప్రిన్సిపాలు మీద కాదు. కడపటి బెంచీవాడు ఎదుటనే యున్నాడు.

మధ్యాహ్నము భోజనపు గంట కొట్టిన తరువాత అరగంట సేపు పిల్లలు తమంత తాముందురు. ఆ వేళ అధ్యాపకులు ఉదయపు పరీక్ష కాగితములు దిద్దుచు, మార్కులను తల్లిదండ్రుల సెల్‌ఫోనులకు పంపుచు ఉందురు. నెలకొకసారి జరుగు తల్లిదండ్రుల సమావేశములోను ఆ మార్కుల ప్రస్తావనయే. అక్కడ ఒక తల్లి లేచి, 'మావాడు ఎవరి పక్కన కూర్చుని అన్నం తింటున్నాడండీ?' అని అడిగినచో, ఆ గదిలో జవాబు చెప్పగలవాడు ఒక్కడైనను ఉండవలెను.